కొలపాత్ర పట్టిన కవయిత్రి: ఎలిజా ఆక్టన్

వంటను గూర్చి వ్రాసిన గ్రంథం సాహిత్యమా అన్న మీమాంస పండితులలో చిరకాలంగా ఉన్నది. నలుడూ భీముడూ పాకవిద్యలో దిట్టలని చెప్పుకొని సంతోషిస్తాము గాని, ఆ పాకాన్ని ఏ పాళ్లలో, ఎంతసేపు, ఏ సెగ మీద చేయాలో వ్రాసిపెట్టినవారికి మాత్రం కవుల పంక్తిలో పీట వేయము. పందొమ్మిదవ శతాబ్దంలో ఆంగ్లదేశాన ఒక స్త్రీ ఈ రెండు పంక్తులలోనూ కూర్చున్నది. ఆమె మొదట కవిత్వం వ్రాసింది. దానిని నేడు చదివేవారు అరుదు. తరువాత వంటల గ్రంథం వ్రాసింది. అది అర్ధశతాబ్దానికి పైగా ఇంటింటా నిలిచింది. అవసానదశలో రొట్టెను గూర్చి, కేవలం రొట్టెను గూర్చే, ఒక సంపూర్ణ గ్రంథం వ్రాసింది. అది అమ్ముడు పోలేదు. ఆ అమ్ముడు పోని పుస్తకమే ఆమె జీవితానికి ఫలమని నా అభిప్రాయం.

ఎలిజా ఆక్టన్ 1799వ సంవత్సరం ఏప్రిల్ 17వ తేదీన ససెక్స్ మండలంలోని బాటిల్ అనే ఊరిలో జన్మించింది. పసితనంలోనే ఆ కుటుంబం సఫోక్ మండలంలోని ఇప్స్‌విచ్ పట్టణానికి తరలిపోయింది. తండ్రి జాన్ ఆక్టన్ అక్కడ బీరు కాచే వ్యాపారంలో ప్రవేశించాడు. బీరు కాచేటప్పుడు ఏర్పడే మడ్డియే ఆనాడు రొట్టెపిండిని పొంగించడానికి ఆధారం. తండ్రి ఇంట వ్యాపారంగా చూచిన ఆ పదార్థం నలభై ఏండ్ల తరువాత కుమార్తె చేతిలో శాస్త్రవిషయం కావడం గమనింపదగినది.

పెద్ద కుటుంబానికి పెద్ద కుమార్తె ఆమె. 1817లో, ఇంకా ఇరువది ఏండ్లు రాకముందే, ఇప్స్‌విచ్ సమీపంలోని క్లేడన్ గ్రామంలో మరొక స్త్రీతో కలిసి బాలికలకు పాఠశాల తెరచింది. పిదప చెల్లెళ్లతో కలిసి మరొకటి నడిపింది. కొంతకాలం ఫ్రాన్సులో ఉన్నది. 1826లో తన పద్యాలను చందాదారుల సహాయంతో ఇప్స్‌విచ్‌లోనే అచ్చు వేయించింది. ప్రేమ, విరహం, ప్రకృతి వర్ణన - ఆ కాలపు యువతులు వ్రాసిన పద్యాలలో ఏముంటాయో ఇందులోనూ అవే ఉన్నాయి. మాట పొదుపు, పదాల కూర్పులో శ్రద్ధ మాత్రం తరువాతి పనికి ఉపకరించాయి.

1827లో తండ్రి దివాలా తీశాడు. ఋణదాతల బాధకు తాళలేక ఫ్రాన్సు చేరాడు. తల్లి కుంగిపోలేదు. కెంట్ మండలంలోని టన్‌బ్రిడ్జ్ పట్టణంలో బోర్డైక్ హౌస్ అనే ఇంటిని తీసుకొని, సమీపంలోని టన్‌బ్రిడ్జ్ వెల్స్ ఊటనీటి కోసం వచ్చే సంపన్నులకు బసా భోజనమూ ఏర్పాటు చేసి సంసారం నెట్టుకొచ్చింది. చాటుమాటు జీవితానికి అలవాటుపడిన మధ్యతరగతి ఇల్లాలు డబ్బు పుచ్చుకొని పరులకు అన్నం పెట్టడమంటే ఆనాటి సంఘంలో మెట్టు దిగినట్లే. ఎలిజా ఆ మెట్టు మీదనే తన అసలైన పనిని కనుగొన్నది.

లాంగ్మన్ అనే ప్రసిద్ధ ప్రచురణకర్త వద్దకు ఆమె రెండవ పద్యసంపుటిని తీసుకొని వెళ్లిందనీ, ఆయన కవిత్వం వద్దు, వంటల పుస్తకం వ్రాసి తెమ్మని పంపివేశాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. చరిత్రకారులు దీనిని నమ్మడం లేదు. కథ ఇంపుగానే ఉన్నది గాని, ప్రచురణకర్త ఒక్క మాటతో తేల్చివేస్తే పుట్టే గ్రంథం కాదు అది. బోర్డైక్ హౌస్ వంటింటిలో ఏండ్ల తరబడి, ఒక్కొక్క వంటను వండి, తూచి, గడియారం చూచి, రుచి పరీక్షించి, తప్పు అనిపించినదానిని మళ్లీ వండి వ్రాసిన గ్రంథమది. 1845లో లాంగ్మన్ సంస్థవారే దానిని ప్రకటించారు. ఇంగ్లండులోని కొత్త ఇల్లాండ్రకు అంకితం ఇచ్చింది. ఆధునిక పాకవిధానమని పేరు. 1855లో సవరించి, ప్రైవేటు కుటుంబాల కొరకు అని పేరులో చేర్చింది. జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ ఆహారాన్ని గూర్చి చెప్పిన సిద్ధాంతాలను ఆ సవరణలో వంటింటికి అన్వయించింది.

ఆమె చేసిన మార్పు ఏమిటో తెలియాలంటే అంతకుముందు వంటల పుస్తకాలు ఎట్లుండేవో తెలియాలి. కొంచెం పిండి తీసుకొని, తగినంత వెన్న వేసి, ఉడికేవరకు ఉడికించమని వ్రాసేవారు. తగినంత అంటే ఎంతో తెలిసినవారికి ఆ పుస్తకం అవసరం లేదు, తెలియనివారికి అది పనికిరాదు. మన ఇండ్లలో గిద్ద, సోల, తవ్వ, మానిక అనే కొలతలు ఉన్నప్పటికీ, ఆవకాయ పాళ్లను అత్త కోడలికి కంటితోనూ చేతితోనూ చూపింది గాని కాగితం మీద పెట్టలేదు. అత్త పక్కన నిలిచి ఉన్నంతకాలం దానితో చిక్కు లేదు. ఆంగ్లదేశంలో యంత్రాలు వచ్చి, పల్లెలు ఖాళీ అయి, కూతురు ఒక పట్టణంలోనూ తల్లి మరొక గ్రామంలోనూ స్థిరపడిన కాలమది. చేతి నుండి చేతికి వచ్చే విద్య మధ్యలో తెగిపోయింది. తెగినచోట ముడి వేయడానికి ఎలిజా ఆక్టన్ తూనికరాళ్లను తెచ్చింది.

ఒక్కొక్క వంటకూ చేసే విధానం చెప్పి, చివర ఏ వస్తువు ఎన్ని ఔన్సులో, పొయ్యి మీద ఎన్ని నిమిషాలో, ఎన్ని గంటలో విడిగా వ్రాసింది. నేటి పాఠకునికి ఇందులో వింత కనిపించదు. ఇంత క్రమంగా, గ్రంథమంతటా ఈ పద్ధతిని పాటించినవారు ఆంగ్లంలో అంతకుముందు లేరు. కొద్దివాటిని మినహాయించి తక్కినవన్నీ తన ఇంటి కప్పు కింద, తన కండ్ల ముందు వండించి చూచినవేనని ఆమె చెప్పుకొన్నది. ఇతరుల వద్ద నుండి తీసుకొన్నవాటికి వారి పేరు పెట్టింది.

ఈ నిజాయితీకి నాకు మిక్కిలి నచ్చిన ఉదాహరణ మన దేశానికి సంబంధించినదే. తూర్పు దేశాల నుండి తిరిగివచ్చిన ఆంగ్లేయులు కూరల రుచి మరచిపోలేక, కూరపొడి అనే మిశ్రమాన్ని వాడుకలోకి తెచ్చారు. ఆర్నాట్ అనే ఆయన పద్ధతిని ఎలిజా తన గ్రంథంలో చేర్చింది. పసుపు 8 ఔన్సులు, ధనియాలు 4, జీలకర్ర 2, మెంతులు 2, కారం అర ఔన్సు. పాళ్లు వినగానే తెలుగు ఇల్లాలు నవ్వుతుంది. పసుపు అంత పోస్తే అది కూర కాదు, పేరంటం! ఆశ్చర్యమేమంటే, భారతదేశం ముఖం ఎరుగని ఎలిజాకు కూడ అదే అనుమానం కలిగింది. పసుపును రెండు ఔన్సులు తగ్గించి ధనియాలను పెంచితే బాగుండునని అడుగున సూచిక వ్రాసింది. అయితే తాను ఆ విధంగా చేసి చూడలేదని కూడ వెంటనే చేర్చింది. తోచినది వేరు, చేసి చూచినది వేరు అన్న విచక్షణను వంటల పుస్తకంలో ఇంత స్పష్టంగా పాటించినవారు తక్కువ. పాండిత్య గ్రంథాలలో మాత్రం ఎందరు పాటిస్తున్నారు?

హాస్యం కూడ ఆమెకు లేకపోలేదు. ఒక పుడ్డింగుకు ప్రచురణకర్త పుడ్డింగు అని పేరు పెట్టింది. అందులో బాదం, మీగడ, ఎండుద్రాక్ష, కొన్యాక్ బ్రాందీ, గుడ్ల పచ్చసొన - ఖరీదైనది ఏదీ విడిచిపెట్టలేదు. అదే గ్రంథంలో బీద గ్రంథకర్త పుడ్డింగు ఉన్నది. పాలలో దాల్చినచెక్కో నిమ్మతొక్కో వేసి కాచి, మూడు ఔన్సుల పంచదార, చల్లారిన పిమ్మట మూడు గుడ్లు కలిపి, పైన వెన్న రాసిన రొట్టెముక్కలు పరచి కాల్చడమే దాని విధానం. గ్రంథకర్తలకూ ప్రచురణకర్తలకూ మధ్యనున్న సంబంధాన్ని గూర్చి సంపుటాలు వ్రాయవచ్చును. ఆమె రెండు పుడ్డింగులతో సరిపెట్టింది. బీదవాని పుడ్డింగే సులభమైనది, ఇంటిలో ఎప్పుడూ ఉండే వస్తువులతో అయ్యేది కూడాను.

ఇంటి ఉగ్రాణంలో నిలవ ఉంచుకొనే పదార్థాల మీద ఆమెకు ప్రత్యేక శ్రద్ధ. పండ్లను పొడివాతావరణంలో కోయాలి. పాకానికి పెట్టేటప్పుడు ముందుగా పండును మాత్రమే పెద్ద సెగ మీద త్వరగా ఉడికించి నీటిని ఇగిర్చి, ఆ తరువాతనే పంచదార కలపాలి. అట్లా చేస్తే రంగూ వాసనా చెడవు, పంచదార కూడ కలిసివస్తుంది. ఊరగాయల విషయంలో ఆమె మరింత కఠినంగా ఉన్నది. అంగడిలో సీసాలలో అమ్మే ఊరగాయలు పచ్చగా నిగనిగలాడేవి. ఆ పచ్చదనం కాయది కాదు. పుల్లని రసాన్ని రాగి పాత్రలలో కాచడం వలన పుట్టిన చిలుముది. రసాయన శాస్త్రజ్ఞుడైన అక్కమ్ 1820లోనే ఈ విషాన్ని బయటపెట్టాడు. కలాయి లేని ఇత్తడి గిన్నెలో చారు పెట్టరాదని మన అమ్మమ్మలకు ఏ రసాయన శాస్త్రమూ చదవకుండానే తెలుసు. లండను నగరవాసికి మాత్రం ఆ ఊరగాయ ఎవరి గిన్నెలో పుట్టిందో తెలిసే మార్గమే లేదు.

అసలు విషయం ఇక్కడ ఉన్నది. తినే వస్తువును తానే చేసుకొన్నంతకాలం మనిషికి అందులో ఏమున్నదో తెలుసు. కొనడం మొదలుపెట్టిన నాటి నుండి నమ్మకం మీద తింటాడు. పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లేయుడు కొనడం మొదలుపెట్టినవాటిలో ప్రధానమైనది రొట్టె. మనకు అన్నమెట్లో వారికి రొట్టె అట్లు. బీదవాని ఇంటిలో ఒక్కొక్కప్పుడు అదే సమస్త భోజనం. దక్షిణ ఇంగ్లండులో వంటచెరకు ప్రియమైపోయి, ఇరుకు గదులలో బట్టీలు లేక, ఇంట రొట్టె కాల్చుకొనే అలవాటు క్షీణించింది. విలియం కాబెట్ 1820 ప్రాంతాలలోనే ఇంటి రొట్టెను మరవవద్దని పల్లె కుటుంబాలను గదమాయించాడు. గదమాయింపుతో రొట్టె పొంగదు గదా!

అంగడి రొట్టెలో పటిక కలిపేవారు. నాసిరకపు పిండి తెల్లగా కనిపించడానికీ, రొట్టె బాగా ఉబ్బి నిలవడానికీ అది తోడ్పడేది. తెల్లని రొట్టె గొప్పవారి రొట్టె అని జనం నమ్మేవారు కనుక, కొనేవాని భ్రమే అమ్మేవానికి పెట్టుబడి అయినది. 1851 నుండి 1854 వరకు వైద్యుడు హాసల్ లండను దుకాణాలలోని పదార్థాలను తెచ్చి సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, లాన్సెట్ పత్రికలో దుకాణదారుల పేర్లతో సహా ప్రకటించాడు. ఆయన పరీక్షించిన రొట్టెలలో పటిక సర్వసాధారణంగా కనిపించింది. దేశం గగ్గోలెత్తింది గాని అమ్మకం ఆగలేదు.

ఈ స్థితిలో 1857లో ఎలిజా ఆక్టన్ ఇంగ్లీషు రొట్టె గ్రంథాన్ని ప్రకటించింది. అన్ని అంతస్తుల కుటుంబాలకూ గృహోపయోగార్థం అని పేరులోనే చెప్పుకొన్నది. అప్పటికి ఆమెకు 58 ఏండ్లు. ఆరోగ్యం అంతంత మాత్రం. విజయవంతమైన వంటల గ్రంథం చేతిలో ఉండగా, మరి నాలుగు పుడ్డింగులు చేర్చి సొమ్ము చేసుకోవడం సులభమైన మార్గం. ఆమె గోధుమజాతులను, పిండిరకాలను, ఐరోపా దేశాలలో రొట్టె చేసే తీరులను, కల్తీని గూర్చి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన విషయాలను అధ్యయనం చేసి, వంటింటి పుస్తకమో పరిశోధన గ్రంథమో తేల్చి చెప్పలేని ఒక రచన చేసింది.

కాబెట్ వదలివేసిన పనిని ఆమె పూర్తి చేసింది. ఇంట రొట్టె ఎందుకు చెడుతున్నదో ఒక్కొక్క మెట్టూ పరిశీలించింది. బీరు కాచేవారి వద్ద తెచ్చిన మడ్డి చేదుగా ఉంటుంది. దానిని చన్నీటిలో కలిపి తేరనిచ్చి, పైనీరు వంచివేసి, చేదు పోయేవరకు అట్లే కడగాలని మొదటి గ్రంథంలోనే చెప్పింది. మడ్డి తక్కువైతే పిండి పొంగదనే భయంతో మన చేయి ఎక్కువ పోస్తుంది, దానివలన రొట్టె పులిసి త్వరగా ఎండిపోతుంది. తక్కువ మడ్డితో ఎక్కువసేపు నాననివ్వడమే మేలు. ఇడ్లీపిండి ఎరిగిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఇనుప పొయ్యి కంటె ఇటుకబట్టీ శ్రేష్ఠం. తన టన్‌బ్రిడ్జ్ ఇంటి పేరు మీద బోర్డైక్ రొట్టె అని ఒక విధానాన్ని మొదటి గ్రంథంలో ఇచ్చింది. ఒక గాలన్ పిండికి, అనగా 7 పౌన్లకు, పాలు పోసి కలిపే రొట్టె అది. దాని కింద ఇది గ్రంథకర్త సొంత విధానమని ముద్ర వేసింది. ఆ ముద్ర ఎందుకు అవసరమయిందో తరువాత చెబుతాను.

అదే 1857 జూలైలో లాన్సెట్ పత్రికలో మరొక వ్యాసం వచ్చింది. 1854 నాటి కలరాకు లండనులోని ఒక వీధి పంపు నీరే కారణమని నిరూపించిన వైద్యుడు జాన్ స్నో దానిని వ్రాశాడు. పిల్లల ఎముకలు మెత్తబడి కాళ్లు వంగిపోయే రికెట్స్ వ్యాధికి రొట్టెలోని పటిక కారణం కావచ్చునని ఆయన ఊహించాడు. అంగడి రొట్టె తినే లండనులో ఆ వ్యాధి ఎక్కువ, ఇంట కాల్చిన రొట్టె తినే ఉత్తర మండలాలలో తక్కువ అని ఆయన పరిశీలన. సూర్యరశ్మి లోపించి డి విటమిను చాలకపోవడమే ఆ వ్యాధికి ముఖ్యకారణమని ఇరువదవ శతాబ్దంలో తేలింది. పటికను గూర్చిన ఊహ ఆ మేరకు నిలువలేదు. అయినా ఒకే సంవత్సరంలో ఒక వైద్యుడూ, ఒక వంటల రచయిత్రీ, రొట్టె ఎవరింట పుట్టిందన్న ఒకే ప్రశ్న వద్దకు రెండు దారులలో రావడం ఆ కాలపు ఆందోళన ఎంతటిదో తెలుపుతున్నది.

ఆమె గ్రంథంలో లోపం లేదని నేననను. అన్ని అంతస్తుల కుటుంబాలకని పేరు పెట్టినా, లండను మురికివాడలో ఒక్క గదిలో ఆరుగురు కాపురముండే కార్మికుని భార్య ఇటుకబట్టీని ఎక్కడ కట్టుకోగలదు? పగలంతా కూలికి వెళ్లివచ్చి పిండి పొంగేవరకు ఎవరు కూర్చుంటారు? కల్తీ రొట్టె అందరికంటె ఎక్కువగా తిన్నది ఆమె. ఆ గ్రంథం అందరికంటె తక్కువగా అందినదీ ఆమెకే. బట్టీ ఉన్న ఇండ్లవారు ఎట్లాగూ మంచి రొట్టె కొనగల స్తోమత కలవారు కావడంతో పుస్తకం కొనలేదు. మొదటి గ్రంథానికి వచ్చిన ఆదరణలో లేశమైనా దీనికి రాలేదు. ఇంటి విద్య ఎంత గొప్పదైనా, చట్టం చేయవలసిన పనిని అది ఒంటరిగా చేయలేదు. నేడు మన పట్టణాలలో వీధివీధికీ స్వగృహ అనే పేరుతో అరిసెలూ, జంతికలూ, ఊరగాయలూ అమ్మే దుకాణాలు వెలిశాయి. ఇల్లు అనే మాట మీద కొనేవానికి ఉన్న నమ్మకం అంతటిది. ఆ నమ్మకాన్ని కాపాడడానికి ఇప్పుడూ తనిఖీ అధికారులే కావలసి వస్తున్నది.

కల్తీ నివారణకు బ్రిటిష్ పార్లమెంటు మొదటి చట్టం చేసినది 1860లో. అది బలహీనమైనది. 1875 చట్టం వచ్చిన తరువాతనే వ్యాపారులు దారికి వచ్చారు. ఎలిజా ఆ మొదటి చట్టాన్ని కూడ చూడలేదు. 1859 ఫిబ్రవరి 13న లండనులోని హాంప్‌స్టెడ్‌లో మరణించింది. ఆమె వివాహం చేసుకోలేదు.

గ్రంథకర్త సొంత విధానమన్న ముద్రను గూర్చి చెప్పవలసి ఉన్నది. ఆమె వంటలను ఇతరులు పేరైనా చెప్పకుండ ఎత్తివ్రాసుకోవడం ఆమె బ్రతికి ఉండగానే మొదలైంది. 1855 పీఠికలో ఆమె దీనిని గూర్చి బాధతో వ్రాసింది. సొంతవాటికి గుర్తు పెట్టుకొన్నది అందుకే. పెద్ద దెబ్బ ఆమె పోయిన తరువాత తగిలింది. 1861లో ఇసబెల్లా బీటన్ ప్రకటించిన గృహనిర్వహణ గ్రంథం ఇంగ్లండు అంతటా మారుమ్రోగింది. అందులోని అనేక వంటలు ఆక్టన్ గ్రంథంలోనివే. వస్తువుల పట్టికను చివర నుండి మొదటికి మార్చడం మాత్రం ఉపకారమే. అప్పటికి బీటన్ వయస్సు 25. వంటింటిలో ఆమె అనుభవం స్వల్పం, 28వ యేట మరణించింది. ఆ చిన్నదానిని నిందించడానికి మనస్సు రాదు. అయితే అటుపైన తరతరాలుగా ఆంగ్ల ఇల్లాండ్రు కొలతలతో వంట నేర్పినది మిసెస్ బీటన్ అనే నమ్మారు. తూచి చూచిన చేయి వేరొకరిదని మరచిపోయారు.

ఇరువదవ శతాబ్దంలో ఆ మరపు కొంత తొలగింది. 1968లో ఎలిజబెత్ రే ఆక్టన్ వంటలను ఏరి కూర్చి ప్రకటించింది. ప్రసిద్ధ రచయిత్రి ఎలిజబెత్ డేవిడ్ ఆంగ్లభాషలోని వంటల గ్రంథాలన్నింటిలో ఆక్టన్‌కు అగ్రపీఠం ఇచ్చింది. 1977లో ఆమె స్వయంగా ఇంగ్లీషు రొట్టెను గూర్చి బృహద్గ్రంథం వ్రాస్తూ, నూట ఇరువది ఏండ్ల నాటి అమ్ముడు పోని ఆ పుస్తకాన్ని మళ్లీ బయటికి తీసింది. దానిని చదివి ఇండ్లలో రొట్టె కాల్చడం మొదలుపెట్టినవారికి బీరు మడ్డిని కడగవలసిన పని లేకపోయింది. ఈస్టు పొట్లాలలో దొరుకుతున్నది. పిండికి ఉప్పెంత, పాలెన్ని, ఎంతసేపు నాననివ్వాలి అన్న లెక్క మాత్రం బోర్డైక్ హౌస్ వంటింటిలో తూచినదే పనికి వచ్చింది.